పేజీ నూట పన్నెండులో పిట్ట

మునిసిపల్ లైబ్రరీలో ఆ నవలకి ప్రత్యేకంగా గాజుబీరువా.
తాళంచెవి మార్లీజ్ గారి మెడలో, సిలువ పక్కనే.
"మెల్లగా తిప్పమ్మా, పెళుసెక్కింది" అంటుంది.
మంచి మనిషి. అరటిపండు కేకు ముక్క రుమాల్లో చుట్టి ఇస్తుంది.
ఆవిడ ముత్తాత నలభయ్యో పేజీలో
ఇంకా చెట్టు నరుకుతూనే ఉన్నాడు.

నేను ఇవానెట్ వాయ్‌పోన్ని. ఏటి ఎగువన రిజర్వు బళ్ళో
నాలుగో తరగతి పంతులమ్మని.
మూడేళ్ళు రాత్రిబడికి పోయి జర్మన్ నేర్చుకున్నాను,
మమ్మల్ని ఏమని తిట్టారో
వాళ్ళ మాటల్లోనే చదువుకుందామని.

తిట్టలేదు. అదీ విడ్డూరం.
రాసినాయన రౌటెన్‌బాఖ్ పాస్టరు, మెత్తటి కలం.
ఆవుకి పేరుంది, లీజెల్.
కొమ్ము విరిగిన మేకకి పేరుంది.
ఓడకి పేరు. ఓడలో పోయిన పసిబిడ్డకి
పేరూ, రెండు పేజీల కన్నీళ్ళూ.
నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు.

మాకు మటుకు పొదలు.
పొదల్లో కళ్ళు.
కళ్ళ కింద ముక్కు లేదు, నోరు లేదు,
ఆకలేసే కడుపు లేదు.
ఊరూ పేరూ లేని వాళ్ళం
వాక్యం చివర క్రియలాగా వస్తాం,
అప్పటికే బాణం దిగి ఉంటుంది.
ఒకచోట అడవి మమ్మల్ని "ఊపిరి తీసుకుంది" అని రాశాడు.
ఎంత అందంగా రాశాడో!
ఆ అందం దగ్గరే నాకు గొంతులో వెలక్కాయ పడింది.

నూట పన్నెండో పేజీ. చీకటి పడుతుంది.
అడవిలోంచి ఏదో కూస్తుంది, ఒకసారి, మళ్ళీ ఒకసారి.
ఆ కూతని అక్షరం అక్షరం విని రాసుకున్నాడు పాస్టరు,
కింద సన్నటి అక్షరాల్లో:
"ఈ పక్షి ఏ జాతిదో తెలియరాలేదు."
ఆ రాత్రి పధ్నాలుగుమంది మగవాళ్ళు
దీపాలార్పి, తుపాకులు ఒళ్ళో పెట్టుకుని కూచుంటారు.
ఆడవాళ్ళు పిల్లల నోళ్ళు మూస్తారు.
తొమ్మిది పేజీల భయం.
తెల్లారగట్ల మగవాళ్ళు పిట్ట కూసిన వైపు నడుస్తారు.
మూడు చుక్కలు.
పదకొండో అధ్యాయం:
"ఆ ఏడు మొక్కజొన్న మనిషెత్తు పెరిగింది."

ఫోన్లో ఫొటో తీసి అవ్వ దగ్గరికి పట్టుకుపోయాను.
అవ్వ పైన్ గింజలు ఒలుస్తోంది,
చాకు బొటనవేలికి ఆనించి.
అర్థం తెలియకుండానే చదివాను, ఆ కూతని, ఉన్నదున్నట్టు.
చాకు ఆగింది.
"మళ్ళీ చదువు."
మళ్ళీ చదివితే
అవ్వ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేవబోయింది,
ఎవరో పిలిచినట్టు.

"పిట్టేంటే! ఉడికాయి, రండి, అని కదా అది.
మా అమ్మ పొద్దుగూకితే అలాగే పిలిచేది,
ఆ చివర అలా సాగదీసి.
సాగదీత కూడా వదల్లేదు మహానుభావుడు.
చెవి మంచిదే, పాపం."

నవ్వింది. చాలాసేపు నవ్వింది.
తర్వాత ఒలిచిన గింజలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.
ఎప్పుడూ లెక్కపెట్టదు.

సోమవారం పుస్తకం తెరిచి మార్లీజ్ గారికి చెప్పాను.
గోడ మీద బోర్డు: పుస్తకాల్లో రాయరాదు.
పెన్సిలు తీసి నా వైపు జరిపింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది.
కళ్ళజోడు తుడుచుకుంది, శుభ్రంగా ఉన్నదాన్నే.
"ఎలా అనాలి?" అంది.
చెప్పాను. అంది. తప్పు పలికింది.
"చివర సాగదీయాలండి."
సాగదీసింది,
మిట్టమధ్యాహ్నం, ఖాళీ లైబ్రరీలో,
చెట్టు నరికిన వాడి మునిమనవరాలు.
బీరువా అద్దం సన్నగా అదిరింది.

ఎవరూ రాలేదు.
నాలుగింటి బస్సు తప్పితే మళ్ళీ రేపే.
కేకు ముక్క సంచిలో వేసుకుని బయల్దేరాను.